అడవి అంచు ఊళ్లలో నాటు తుపాకీ చావులు తగ్గించడానికి 12 లక్షలు: ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

తిరుచానూరు_రోడ్డు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. తిరుపతిలో మాది చిన్న ట్రస్టు. రిజిస్ట్రేషన్, 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) ఉన్నాయి, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) లేదు. ఇంతవరకు పిల్లల ఫీజులు, మందుల ఖర్చులు చూస్తున్నాం. ఇప్పుడు కొందరు దాతలు కలిసి 12 లక్షలు ఇస్తామంటున్నారు. వాళ్లలో సగం మంది అమెరికాలో స్థిరపడినవాళ్లు. అక్కడ తుపాకీ హింస తగ్గించడానికి పేటల్లో పనిచేసే చిన్న బృందాలకూ, మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకూ నేరుగా డబ్బిచ్చే పద్ధతి ఉందట. అలాంటిది మన దగ్గర చేయమని వాళ్ల కోరిక.

మన దగ్గర తుపాకీ అంటే నాటు తుపాకీ. భాకరాపేట, యర్రావారిపాళెం వైపు, అటు బంగారుపాళెం, గుడిపాల, పలమనేరు వైపు అడవిని ఆనుకున్న ఊళ్లలో దాని బెడద ఉంది. రాత్రి వేటలో పంది అనుకొని మనిషిని కాల్చడం, చేతిలోనే పేలడం, గట్టు తగాదాలో తాగి ఇంట్లోది బయటికి తీయడం. ఎర్రచందనం వ్యవహారం జోలికి మేం పోము. 20 ఊళ్లు, ఏడాదిన్నర అనుకుంటున్నాం.

అడగాల్సినవి: డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి? కుటుంబాలకు ఎప్పుడు, ఎంత? తుపాకీ తెచ్చి అప్పగిస్తే ₹5,000 ఇస్తామని ప్రకటిస్తే పనిచేస్తుందా? అమెరికా దాతల డబ్బు మా ఖాతాలో వేసుకోవచ్చా?

—

పద్మావతిపురం రాశారు:

ముందు అమెరికా సంగతి ఉన్నదున్నట్టు తెలుసుకుంటే మీ దాతలతో మాట్లాడటం సులువు. 2021లో అక్కడ తుపాకీ చావులు 48,830. సగానికి పైగా ఆత్మహత్యలే. హత్యలు 21 వేలకు కొంచెం తక్కువ. బృందాలకు డబ్బిచ్చే పద్ధతి పుట్టింది ఈ హత్యల కోసం, అందులోనూ ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య వీధిలో జరిగే కాల్పుల కోసం. షికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే అంటువ్యాధుల వైద్యుడు 2000లో వెస్ట్ గార్‌ఫీల్డ్ పార్క్ అనే పేటలో ఒకటి మొదలుపెట్టాడు. ఆ పేట కుర్రాళ్లు ఎవరి మాట వింటారో వాళ్లకే జీతమిచ్చి, పగ ముదరకముందే మధ్యలోకి పంపడం దాని పద్ధతి. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ నగరం 2007లో ఇందుకోసం ఒక ఆఫీసే పెట్టింది. 2010 నుంచి, కాల్పులు జరిపే అవకాశం బాగా ఉందని తెలిసిన యువకుల్ని ఎంచుకొని 18 నెలలు వెన్నంటి ఉంటున్నారు. మొదటి ఆరు నెలలు నిలబడి, రాసుకున్న పనులు చేసినవాళ్లకు నెలకు వెయ్యి డాలర్ల వరకు, తొమ్మిది నెలల పాటు భృతి ఇస్తారు. ఇలాంటివాళ్లకు డబ్బా అని ఊరంతా గొడవ చేసింది కూడా. ఆ భృతికి ప్రైవేటు దాతల డబ్బు వాడింది అందుకే.

కుటుంబాల వైపు చూడాల్సింది బోస్టన్. 1993 డిసెంబర్‌లో లూయిస్ బ్రౌన్ అనే 15 ఏళ్ల అబ్బాయి ఎవరివో కాల్పుల మధ్య చిక్కుకొని చనిపోయాడు. వాళ్ల అమ్మ టీనా షెరీ 1994లో ఒక సంస్థ పెట్టింది. అది చేసే పనుల్లో ముఖ్యమైనది, హత్య జరిగిన ఇంటికి వెళ్లి శవాన్ని ఎలా తెచ్చుకోవాలి, అంత్యక్రియలకు ఎవర్ని అడగాలి, ప్రభుత్వ పరిహారానికి ఏ కాగితం కావాలి అని పక్కనే కూర్చొని చూసుకోవడం. ఆక్లండ్‌లో 1994 నుంచి ఇంకో పద్ధతి ఉంది. తూటా తగిలి ఆసుపత్రిలో పడుకున్నవాడి మంచం దగ్గరికే మనిషిని పంపి, బయటికొచ్చాక పగ తీర్చుకోకుండా చూస్తారు.

ఇప్పుడు ఎక్కడ దెబ్బతిన్నారో చెప్తాను, మీకు పనికొచ్చేది అదే. అక్కడి సర్కారు గ్రాంట్లలో చాలావరకు ముందు ఖర్చు పెట్టి, బిల్లులు చూపి, తర్వాత తీసుకోవాల్సినవి. పెద్ద సంస్థ నాలుగు నెలలు ఆగగలదు. ఐదుగురున్న బృందం ఆగలేదు. జీతం ఆగితే ఆ మనిషి వేరే పనికి పోతాడు, రెండేళ్లు కట్టిన నమ్మకం అతని వెంటే పోతుంది. రెండోది, ఒకే చోటి నుంచి డబ్బు. 2022లో చేసిన చట్టంలో ఇలాంటి పనులకు ఐదేళ్లకు 25 కోట్ల డాలర్లు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో అక్కడి న్యాయశాఖ వందల గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసేసరికి ఎన్నో చిన్న బృందాలు ఆ నెలలోనే మనుషుల్ని తీసేయాల్సి వచ్చింది.

కాబట్టి మీరు తీసుకోవాల్సినవి మూడే. డబ్బు మనుషుల జీతానికి పోవాలి. ముందుగా అందాలి. ఏడాదిన్నర అన్నాక ఏడాదిన్నర పాటు మధ్యలో నిలిచిపోకూడదు. బ్యానర్లు, అవగాహన సదస్సులు, టీషర్టులు, ర్యాలీలు వీటికి ఒక్క రూపాయి పెట్టకండి. రాత్రి పూట చేలోకి తుపాకీ పట్టుకుపోయేవాడు సదస్సుకు రాడు.

మనుషుల ఎంపిక గురించి. పెద్దమనిషి అనగానే సర్పంచి వైపో, పార్టీ నాయకుడి వైపో చూడొద్దు. వేటకు పోయే కుర్రాళ్లు ఎవరికి భయపడకుండా నిజం చెప్తారో అతను కావాలి. పాత వేటగాడు కావచ్చు, కబడ్డీ నేర్పే మాస్టారు కావచ్చు. ఇద్దరిని పెట్టండి, ఇద్దరూ ఒకే కులం కాకుండా చూడండి. మూడో మనిషిగా ఒక ఆడమనిషి ఉంటే మరీ మంచిది. డ్వాక్రా సంఘాల్లో లెక్కలు రాసే అమ్మాయిలకు ఏ ఇంట్లో తాగుడు ముదిరిందో, ఏ ఇంట్లో తుపాకీ ఉందో తెలుసు. మగవాళ్లు చెప్పనివి వాళ్లకు చెప్తారు.

ఒక హద్దు ముందే గీయండి. మీ మనిషి పోలీసుల ఇన్‌ఫార్మర్ అని ఒక్కసారి పేరు పడితే పని అక్కడితో అయిపోయింది. అలాగని ‘ఏం చెప్పినా నాలోనే ఉంచుకుంటా’ అని కూడా అతను మాట ఇవ్వకూడదు. హత్య లాంటి నేరం జరిగిందని గానీ, చేయబోతున్నారని గానీ తెలిస్తే చెప్పాల్సిన బాధ్యత పౌరుడి మీద ఉంది. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 33 చూడండి. ఈ రెండు మాటలూ మొదటి రోజే ఊళ్లో అందరి ముందూ చెప్పించండి. ఇంకొకటి, హత్య కేసులో రాజీ కుదర్చడం మీ మనిషి పని కానే కాదు. సాక్షుల్ని ఇంత తీసుకొని ఊరుకోమనే పంచాయితీలో అతను కూర్చున్నాడంటే ఆ రోజే మాన్పించండి.

—

లెక్కల_మనిషి రాశారు:

డబ్బు సంగతి నేను చెప్తాను. ఇందులో తప్పు జరిగితే ట్రస్టే మూతపడుతుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

‘అమెరికా డబ్బు’ అని ఒకే మాటతో అనకండి. ఇచ్చేవాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి, తన బ్యాంకు ఖాతా నుంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. మామూలు ఖాతాలో వేసుకోవచ్చు. పాస్‌పోర్టు కాపీ, ఇది నా సొంత డబ్బు అని ఒక లేఖ తీసుకొని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీయులే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా వాళ్ల నుంచి పది డాలర్లు తీసుకున్నా నేరమే.

ఎక్కువమంది పడే గుంట ఇక్కడుంది. పాస్‌పోర్టు మనదే అయినా డబ్బు అక్కడి తెలుగు సంఘం ఖాతా నుంచో, అక్కడ రిజిస్టరైన ఫౌండేషన్ నుంచో వస్తే ఇచ్చింది ఆ సంస్థ అవుతుంది. అది విదేశీ మూలమే. ‘మా అమ్మ ఖాతాకు పంపిస్తా, ఆమె మీకు చెక్కు ఇస్తుంది’ అనే ఉపాయం కూడా చెప్తారు. దొడ్డిదారి అది, ఒప్పుకోవద్దు.

పోనీ ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించుకుందామా అంటే అదీ కుదరదు. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని ఒక సంస్థ ఇంకొకరికి బదిలీ చేయడం పూర్తిగా నిషేధం. ఆ సవరణతోనే పరిపాలన ఖర్చు 20 శాతానికి దిగింది, డబ్బు దిగాల్సిన ఖాతా ఢిల్లీ ఎస్బీఐ ప్రధాన శాఖలోనే ఉండాలన్నారు. చిన్న బృందాలకు నేరుగా డబ్బు చేర్చే అమెరికా పద్ధతి విదేశీ సొమ్ముతో ఇక్కడ నడవకపోవడానికి అసలు కారణం ఇదే. అమెరికా పౌరులైన మీ దాతలకు రెండే దారులు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ తానే స్వయంగా ఈ పని చేస్తానంటే దానికి ఇవ్వడం, లేదా వాళ్లుండే ఊళ్లోనే ఇలాంటి బృందానికి ఇవ్వడం. అక్కడ దుకాణాల్లో కౌంటర్ల దగ్గర పనిచేసే మన పిల్లలకు ఆ రెండోదీ అవసరమైన పనే.

ఇక ఇక్కడి డబ్బు. ఊళ్లో బృందానికి రిజిస్ట్రేషన్ లేకపోతే చేయించాలని తొందరపడకండి. సొసైటీ పెట్టాలంటే 2001 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు, ఏటా లెక్కలు. ఇద్దరు పనివాళ్ల కోసం అదంతా బరువు. మీ ట్రస్టే వాళ్లను గౌరవ వేతనం మీద పెట్టుకొని నెలనెలా వాళ్ల ఖాతాలో వేస్తే చాలు. పేజీ నిండకుండా ఒక ఒప్పందం రాయండి: పని ఏమిటి, ఎన్ని ఊళ్లు, ఎంత, ఎప్పటిదాకా, ఏం చేయకూడదు. మూడు నెలల మొత్తం ముందే వేసి, మూడో నెల చివర ఒక పేజీ నివేదిక చూసి మళ్లీ మూడు నెలలది వేయండి. వేరే రిజిస్టర్డ్ ట్రస్టుకు విరాళంగా ఇచ్చేస్తే మాత్రం అందులో 85 శాతమే మీరు ఖర్చు చేసినట్టు లెక్కలోకి వస్తుంది. అది గుర్తుంచుకోండి.

నగదు జోలికి పోకండి. ఒకరికి ఒక రోజులో ₹10,000 దాటి నగదు ఇస్తే అది ధర్మకార్యం ఖర్చుగా చెల్లదు. దాత ₹2,000 దాటి నగదు ఇస్తే 80జీ రాదు. దాతల వివరాలు మే 31లోగా ఆన్‌లైన్లో దాఖలు చేయాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి కాబట్టి సెక్షన్ నంబర్లు, ఫారాల పేర్లు మారతాయి. రసీదు పుస్తకం అచ్చువేయించే ముందు ఆడిటర్‌కు చూపించండి.

—

తిరుచానూరు_రోడ్డు:

చాలా విషయాలు తెలిశాయి, కృతజ్ఞతలు. లెక్క చూస్తే ఎన్నారై పాస్‌పోర్టువాళ్లు, ఇక్కడివాళ్లు కలిపి 12 లక్షలకు లోటు రాదు. మిగిలినవాళ్లకు మీరు చెప్పిందే చెప్తాం. తుపాకీకి ₹5,000 అన్నదాని మీద ఎవరూ మాట్లాడలేదు.

—

శెనక్కాయ_చేను రాశారు:

అన్నా, ఆ ₹5,000 ఆలోచన వదిలేయండి. తుపాకీ మీ చేతికి వచ్చిన క్షణమే మీరు ముద్దాయి. లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. తయారు చేసినవాడికైతే ఏడేళ్ల నుంచి యావజ్జీవం. స్టేషన్‌కు తీసుకుపోతున్నామని చెప్పినా దారిలో మీ బండిలో దొరికితే చెప్పుకోవడం కష్టం. రెండోది, డబ్బిస్తామంటే వచ్చేవి తుప్పు పట్టిన గొట్టాలే, వాడుకలో ఉన్నది రాదు. అమెరికాలో ఇలా కొన్నచోటల్లా కాల్పులు తగ్గిన దాఖలా పెద్దగా కనబడలేదు. పోలీసులు అప్పుడప్పుడూ స్వచ్ఛందంగా అప్పగించమని గడువిస్తారు. ఆ గడువు ప్రకటించినప్పుడు కేసు ఉండదన్న మాట ఎస్పీ స్థాయి నుంచి రాతలో ఉందా అని మీ వకీలు కనుక్కొని, ఊళ్లో చెప్పాలి. అంతవరకే మీ పాత్ర. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉండి ఆ పెద్దాయన చనిపోయి ఉంటే, దాన్ని స్టేషన్లో జమ చేయాలని కొడుకులకు తెలియదు. పెట్టెలో పెట్టి ఉంచుతారు. అది కూడా చెప్పించండి.

తుపాకీ ఇంట్లో ఎందుకుందో చూడండి. మాంసం కోసం పోయేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ శెనక్కాయ ఊడలు దిగి కాయ గట్టిపడే రోజుల్లో ఒక్క పందుల మంద ఒక్క రాత్రిలో ఎకరా తవ్వి పోతుంది. రైతు మంచె మీద నిద్ర లేకుండా ఎన్ని రాత్రులుంటాడు? ఆయుధాల చట్టంలోనే పంట కాపలాకు మందు కూరే తుపాకీ ఇవ్వొచ్చని ఉంది. అయితే ఆ లైసెన్సు ఉన్నా వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా పందిని కాల్చకూడదు. రైతుకు ఈ రెండు చట్టాలూ ఒకటే అనిపిస్తాయి.

అందుకే 12 లక్షల్లో కొంత కంచెకు పెట్టండి. సోలార్ జట్కా కంచె, అంటే తాకితే చంపకుండా షాక్ మాత్రం కొట్టే తీగ. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉన్న ఒక ఎకరా చుట్టుకొలత సుమారు 255 మీటర్లు. ఇరవై మంది విడివిడిగా కడితే 5,100 మీటర్లు. అదే ఇరవై ఎకరాలు ఒక్క చెక్కగా కలిపి కడితే 1,140 మీటర్లు చాలు. తీగ ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది. కాబట్టి ఒక్కొక్క రైతుకు కాకుండా గుంపుకే ఇవ్వండి. గట్టు తగాదా ఉన్న ఇద్దరూ ఒకే కంచె లోపల ఉండేలా చూస్తే ఇంకా మేలు. కంచె గీత గీసేటప్పుడే హద్దు రాళ్లు సర్వేయర్‌తో చూపించుకుంటారు, తగాదా అక్కడే సగం తేలిపోతుంది.

పందికి కింది తీగే ముఖ్యం. నేల నుంచి 9 అంగుళాలు, రెండోది 18, మూడోది 30. ఏనుగులకు కట్టే ఎత్తులో కడితే పంది కింద నుంచి దూరిపోతుంది. మన ఎర్ర నేలల్లో అందరూ తప్పు చేసేది ఎర్తింగ్ దగ్గర. ఎండిన నేలలో ఒక్క రాడ్డు కొట్టి వదిలేస్తే షాక్ నిలబడదు, పంది రెండు రాత్రుల్లో కనిపెడుతుంది. మూడు రాడ్లు, ఒక్కొక్కటీ కనీసం మీటరున్నర లోతు, మధ్య రెండు మూడు మీటర్ల ఎడం, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి వారానికోసారి బిందెడు నీళ్లు. సాయంత్రం మీటరు పెట్టి చూస్తే 4,000 వోల్టులకు తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో గడ్డి తీగకు తగులుతోందని అర్థం. వానల్లో పది రోజులకోసారి కంచె కింద గడ్డి కోయాలి. ఆ కూలి ఎవరిదో ముందే రాసుకోకపోతే రెండో నెలకే కంచె చచ్చిపోతుంది. బ్యాటరీ చేలో పెడితే దొంగలెత్తుకుపోతారు, దగ్గరున్న ఇంట్లో పెట్టి వైరు లాగండి.

కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగకు కలపనిచ్చారో, తుపాకీ కంటే ఎక్కువమందిని అది చంపుతుంది. ఒప్పందంలో మొదటి షరతు అదే పెట్టండి: లైను కలిపితే ఎనర్జైజర్ (తీగకు షాక్ పంపే పెట్టె) వెనక్కి తీసుకుపోతాం అని. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులొచ్చే దారిలో ఈ కంచె నిలవదు, అటు వేరే ఊళ్లు ఎంచుకోండి.

అన్నీ ఆగస్టు లోపల కట్టి ఉండాలి. కాయ పట్టాక కంచె కడితే అప్పటికే రాత్రి కాపలా, తుపాకీ రెండూ మొదలై ఉంటాయి.

—

న్యాయవాలంటీర్_చిత్తూరు రాశారు:

కుటుంబాల గురించి నేను రాస్తాను. ఇక్కడ అన్నిటికంటే వేగం ముఖ్యం. శవం ఇంటికి చేరే లోపే ఇంట్లోవాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. దినాలు అయ్యేసరికి అది ఇంకా పెరుగుతుంది. ఆ అప్పు ఇచ్చినవాడే రేపు కేసులో ఏం చెప్పాలో కూడా చెప్తాడు. అందుకే కుటుంబానికి ₹25,000 అనుకుంటే ₹10,000 రెండు రోజుల లోపల, మిగిలిన ₹15,000 దినాలు అయిన వారంలో ఇవ్వండి. మొదటి విడతకు ఎఫ్ఐఆర్ అడగకండి, బిల్లులు అడగకండి. చనిపోయినవాడి తప్పుందా లేదా అని అస్సలు చూడకండి. అమెరికాలో పరిహారం పథకాలు ‘మృతుడి ప్రవర్తన కూడా కారణం’ అని చాలా కుటుంబాలను తిప్పి పంపాయి. తుపాకీ చేతిలో పేలి చనిపోయినవాడి పిల్లలకూ ఆకలి ఒకటే.

ఎవరి ఖాతాలో వేయాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గొడవంతా అక్కడే. భార్యా, అత్తా ఇద్దరూ అడుగుతారు. మృతుడి ఖాతాలో వేస్తే బ్యాంకు ఆపేస్తుంది. భార్య పేరిట ఖాతా ఉంటే దానిలోనే వేయండి. లేకపోతే ఆధార్ పట్టుకుపోయి జన్‌ధన్ ఖాతా తెరిపించండి. వృద్ధ తల్లిదండ్రులు వేరే ఇంట్లో ఉంటే వాళ్లకు విడిగా కొంత. నిర్ణయం ఎవరిదో, పద్ధతి ఏమిటో ముందే రాసి ఉంటే మీ కార్యకర్త మీదకు మాట రాదు.

కాగితాల వరస ఇది. గాయపడినవాణ్ణి తిరుపతి రుయా ఆసుపత్రికో, చిత్తూరు ప్రభుత్వాసుపత్రికో తీసుకుపోయినప్పుడు ఆధార్‌లో ఉన్న పేరే చెప్పాలి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాయిస్తే తర్వాత ప్రతి ఆఫీసూ ఆపుతుంది. జారిపడ్డాడు అని అబద్ధం చెప్పించొద్దు. గాయం చూసిన డాక్టరు మెడికో లీగల్ కేసు రాస్తాడు, రెండు మాటలూ పొసగవు, ఆ తేడాతోనే బీమా కూడా పోతుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోవాలి. ఆ హద్దు మాది కాదు అని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు. శవాన్ని ఇంటికి తేవడానికి ప్రభుత్వాసుపత్రి నుంచి మహాప్రస్థానం వాహనం ఉచితంగా అడగొచ్చు. బయట ఆంబులెన్సుకు వేలు పోయకండి. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు. తిరుపతి ఆసుపత్రిలో చనిపోతే ఊరి పంచాయతీ కార్యదర్శి ఇవ్వలేడు. దీనికోసం వారాలు తిరిగేవాళ్లున్నారు. 21 రోజుల లోపు నమోదైతే ఇబ్బంది లేదు. ఆ తర్వాత సచివాలయంలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు పెట్టాలి.

ఇంకొకరి చేతిలో చనిపోయుంటే బాధితుల పరిహారం ఉంది. పాత సీఆర్పీసీ 357ఏ ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 396. కోర్టు తీర్పు దాకా ఆగాలనుకుంటారు, అవసరం లేదు. కాల్చినవాడు ఎవరో తేలక విచారణే జరగకపోయినా వారసులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయొచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టమే చెప్తోంది. వకీలు ఫీజు అక్కర్లేదు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. ఫోన్ నంబర్ 15100. మృతుడు ఎస్సీ, ఎస్టీ అయి, చంపినవాడు ఆ వర్గాలవాడు కాకపోతే అట్రాసిటీ నిబంధనల కింద ₹8.25 లక్షలు. అందులో సగం పోస్టుమార్టం తర్వాత, సగం ఛార్జిషీటు కోర్టుకు పోయాక. ఎఫ్ఐఆర్‌లో ఆ సెక్షన్ పడిందా లేదా అని మొదటి వారమే చూడాలి.

తన తుపాకీ తన చేతిలోనే పేలితే ఈ పరిహారాలేవీ రావు. అలాంటి ఇంటికి మిగిలేది మీ ₹25,000, వితంతు పింఛను. మీ డబ్బు ఎక్కువ అవసరమయ్యేది అక్కడే.

ఇంకొక మాట. చావు జరిగిన ఇంట్లో పగ మాట ఎక్కువగా లేచేది దినాల రోజు, బంధువులంతా కలిసినప్పుడు, మందు తాగాక. మీ కార్యకర్త ఆ రోజు పొద్దుననుంచీ అక్కడుండాలి. వీలైతే అన్నదమ్ముల్లో ఆవేశపడేవాణ్ణి ముందురోజే వేరే ఊరికి, మేనమామ ఇంటికో ఎక్కడికో పంపించేలా ఆడవాళ్లతో మాట్లాడాలి. ఆ మాట ఇంటి ఆడవాళ్లు చెప్తేనే నడుస్తుంది.

—

పద్మావతిపురం:

అక్క చెప్పినదానికి తిరుగులేదు. లెక్క వేసి చూశాను, 12 లక్షలు ఇలా సరిపోతాయి. ఇద్దరు కార్యకర్తలకు నెలకు ₹15,000 చొప్పున 18 నెలలకు ₹5.4 లక్షలు. వాళ్ల పెట్రోలు, ఫోన్ ₹2,500 చొప్పున ₹90 వేలు. పది కుటుంబాలకు ₹2.5 లక్షలు. కంచెలకు ₹2.4 లక్షలు. ఇందులో మొత్తం ఖర్చు రాదు, తీగా, ఎనర్జైజరూ మీవి, స్తంభాలూ కూలీ రైతులవి అనుకోండి. ఆడిట్, వకీలు ₹40 వేలు. ₹40 వేలు ముట్టుకోకుండా పక్కన. మూడో మనిషి కావాలంటే డ్వాక్రా అమ్మాయికి నెలకు కొంత ఇచ్చేందుకు ఇంకో దాతను వెతకండి. కంచె డబ్బులోంచి తీయకండి.

ఫలితం చూపించమని దాతలు అడుగుతారు. 20 ఊళ్లలో ఏడాదికి జరిగే ఘటనలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఒకటి రెండు తగ్గితే ‘ఇంత శాతం తగ్గింది’ అని రాయొద్దు, మరుసటి ఏడాది ఒకటి పెరిగితే అదే లెక్క మీ మీద పడుతుంది. కుటుంబానికి డబ్బు ఎన్ని గంటల్లో చేరింది, పరిహారం దరఖాస్తు ఎన్ని రోజుల్లో పడింది, కంచె ఎన్ని రాత్రులు 4,000 వోల్టుల పైన ఉంది, ఏ తగాదాలోకి కార్యకర్త వెళ్లాడు, నెల తర్వాత అది ఎలా ఉంది, ఇవి రాయండి. తగాదా రిజిస్టర్లో పేర్లు వద్దు, ఊరి పేరు కూడా వద్దు, నంబరు చాలు. ఆ పుస్తకం ఎప్పుడైనా ఎవరి చేతికైనా పోవచ్చు.

—

తిరుచానూరు_రోడ్డు:

కార్యకర్తల ఎంపిక ఈ నెలలో మొదలుపెడతాం. చివరగా ఒకటి: 20 ఊళ్లలో అందరికీ ప్రమాద బీమా చేయిస్తే ఎలా ఉంటుంది? ప్రీమియం ట్రస్టు కట్టవచ్చా?

—

న్యాయవాలంటీర్_చిత్తూరు:

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి ₹20, ప్రమాద మరణానికి ₹2 లక్షలు, వయసు 18 నుంచి 70. హత్య కూడా దీని కిందికి వస్తుంది, ఆత్మహత్య రాదు. ప్రీమియం వాళ్ల ఖాతాలోంచే ఆటోమేటిక్‌గా కోస్తారు కాబట్టి ట్రస్టు విడిగా కట్టాల్సింది లేదు. చేరేటప్పుడు ఒక ఫారం, నామినీ పేరు, అంతే. చెడేది ఒక్కచోటే. పాలసీ జూన్ 1 నుంచి మే 31 వరకు. మే చివరి వారంలో ఖాతాలో ₹20 లేకపోతే పాలసీ పోతుంది, పోయినట్టు ఎవరికీ తెలియదు. మే 20కి కార్యకర్తలు ఇంటింటికీ పోయి పాస్‌బుక్ చూసి, ₹50 వేయించి రావాలి. నామినీగా చనిపోయిన తండ్రి పేరే ఉన్న ఖాతాలు చాలా ఉంటాయి, అదే రోజు మార్పించండి. క్లెయిమ్ ఫారం 30 రోజుల లోపు బ్యాంకులో ఇవ్వాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాపీలు రెండేసి జిరాక్సులు తీసి మొదటి వారంలోనే కవర్లో పెట్టించండి.